ఆరడుగుల బల్ల, మూడు ఇంజన్లు: ఏ డీసీసీ తీసుకోవాలి?

నమస్కారం. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంత వరకు ముందు చెబుతాను, పొరబడితే సరిదిద్దండి. విజయవాడలో మీ ఇంట్లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్ బల్ల మీద హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు కొలత) బొమ్మ రైళ్ల లేఅవుట్ ఉంది. కోడిగుడ్డు ఆకారంలో ఒక మెయిన్ లైను, ఒక లూప్ లైను, రెండు సైడింగులు, వెరసి రైలు ఒక పట్టా నుంచి మరో పట్టాకు మారే పాయింట్లు నాలుగు. ఇంజన్లు మూడు: ఎనిమిది పిన్నుల సాకెట్ ఉన్న అమెరికా సంస్థ ఆల్కో నమూనా డీజిల్ ఒకటి, శబ్దంతో సహా డీకోడర్ (ఆదేశాలు చదివే చిన్న సర్క్యూట్) బిగించి వచ్చిన కొత్తది ఒకటి, మీ నాన్నగారు ఎప్పుడో కొన్న, సాకెట్ లేని పాతది ఒకటి. ఇప్పటిదాకా మామూలు డీసీ కంట్రోలరుతో ఒక్కో రైలునే నడుపుతున్నారు. ఇకపై మీరూ, పదేళ్ల మీ అమ్మాయీ చెరొక రైలు నడపాలనుకుంటున్నారు. డిసెంబరులో డల్లాస్ నుంచి వస్తున్న మీ బావగారి చేత ఏ డిజిటల్ వ్యవస్థ (డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్) తెప్పించుకోవాలి, థ్రాటిల్ (రైలును నడిపే చేతి పరికరం) కొనకుండా ఫోన్‌తోనే నడపవచ్చా, రేపు లేఅవుట్ పెరిగితే కొన్నదంతా పక్కన పడేయాలా అని అడిగారు.

సూటిగా సమాధానం: సాల్డరింగు, ఆర్డుయినో (ప్రోగ్రాము రాసుకోగల చిన్న సర్క్యూట్ బోర్డు) మీకు కొంత అలవాటై ఉంటే, సొంతంగా కూర్చుకునే డీసీసీ-ఈఎక్స్ తీసుకోండి. లేకపోతే ఎన్‌సీఈ సంస్థ వారి పవర్ క్యాబ్, దానికి తోడు అదే సంస్థ చిన్న థ్రాటిల్ ఒకటి తెప్పించుకోండి. మీ బల్లకు రెండింటిలో ఏదైనా సరిపోతుంది. ఐదు ఆంపియర్ల పెద్ద వ్యవస్థలు, రంగుల తెర ఉన్న ఖరీదైన కమాండ్ స్టేషన్లు (పట్టాలకు కరెంటు, ఆదేశాలు పంపే పెట్టెలు) మీకు అక్కరలేదు. పెట్టె గురించి మీరు చేస్తున్న ఆలోచనలో సగమైనా బల్ల కింది వైరింగు మీద, మీ నాన్నగారి ఇంజను మీద పెట్టండి. పెట్టెను రెండేళ్ల తర్వాత మార్చుకున్నా మీకు పెద్ద నష్టం ఉండదు. వైరింగు, డీకోడర్లు మాత్రం మీతోనే ఉండిపోతాయి.

ఎందుకలా అంటున్నానో వివరిస్తాను. డీసీ పద్ధతిలో మీరు పట్టాల మీది వోల్టేజిని పెంచి తగ్గిస్తారు, కాబట్టి ఆ పట్టా మీద ఎన్ని ఇంజన్లుంటే అన్నీ కలిసే కదులుతాయి. డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది. హెచ్‌ఓలో అది సాధారణంగా 14, 15 వోల్టులు. ఆ వోల్టేజి ఎడతెరిపి లేకుండా దిశ మార్చుకుంటూ ఉంటుంది, ఒక్కో దిశలో నిలిచే కాలంలోనే ఆదేశం ఇమిడి ఉంటుంది: ఆ కాలం 58 మైక్రోసెకన్లుంటే ఒకటి, 100 లేదా అంతకంటే ఎక్కువుంటే సున్నా. ఇంజనులోని డీకోడర్ ఆ ఒకట్లను, సున్నాలను చదివి, తన నంబరుతో వచ్చిన ఆదేశాన్ని మాత్రమే పాటిస్తుంది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతిని అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ 1990ల్లో ప్రమాణంగా స్వీకరించింది. అందువల్ల ఒక సంస్థ డీకోడర్ మరో సంస్థ కమాండ్ స్టేషన్ మాట వింటుంది. మీరు అడిగిన "పారేయాలా" అన్న ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది.

అయితే ఒక మినహాయింపు ఉంది, దీన్ని చాలామంది కొన్న తర్వాతే తెలుసుకుంటారు. ప్రమాణం పట్టాలకు, డీకోడర్లకు సంబంధించినదే తప్ప చేతిలో పట్టుకునే థ్రాటిల్‌కు సంబంధించినది కాదు. థ్రాటిల్‌ను పెట్టెకు కలిపే పద్ధతి ఒక్కొక్కరిది ఒక్కోటి: డిజిట్రాక్స్ వారిది లోకోనెట్, లెంజ్, రోకో వారిది ఎక్స్‌ప్రెస్‌నెట్, ఎన్‌సీఈ వారిది వారి సొంత క్యాబ్ బస్. ఒకరి థ్రాటిల్ మరొకరి పెట్టెకు నేరుగా తగిలించలేరు. కాబట్టి మీరు నిజంగా ఎంచుకుంటున్నది పెట్టెను కాదు, ముందుముందు కొనబోయే థ్రాటిళ్ల కుటుంబాన్ని. రోజూ మీ చేతిలో ఉండేది, మీ అమ్మాయి చేతిలో ఉండేది అదే.

ఇక ఆంపియర్ల లెక్క. ఈ కాలపు హెచ్‌ఓ ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 0.3 నుంచి 0.5 ఆంపియర్లు తీసుకుంటుంది. మీ మూడూ ఒకేసారి నడిచినా ఒకటిన్నర ఆంపియర్లు దాటకూడదు, పాత ఇంజను విషయం పక్కన పెడితే. లెక్క తప్పించేవి బోగీల దీపాలు. పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒక్కొక్కటి 50 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. ఆరు బోగీలకు రెండేసి బల్బులుంటే 0.6 ఆంపియర్లు వెలుతురుకే పోతాయి, అంటే ఇంకొక ఇంజనంత. వాటి స్థానంలో ఎల్‌ఈడీలు పెడితే ఆ భారం దాదాపు పోతుంది. పెద్ద పెట్టె కొనడం కంటే బల్బులు మార్చడం చవక.

ఎక్కువ ఆంపియర్లుంటే నష్టమేమిటని అడగవచ్చు. నష్టం ఉంది. నా మిత్రుడొకరు పదడుగుల లేఅవుట్‌కు ఐదు ఆంపియర్ల వ్యవస్థ పెట్టి, పట్టాలకు మాత్రం సన్నటి స్పీకరు వైర్లు వేశారు. ఒక రోజు బోగీ పాయింటు మీద పట్టాలు తప్పి షార్ట్ అయింది. వైర్ల నిరోధం వల్ల పెట్టెకు అది షార్ట్‌లా కాక బాగా బరువు లాగుతున్న రైలులా కనిపించింది, అందుకే ట్రిప్ కాలేదు. ఆయన వంటింట్లోంచి వచ్చేసరికి బోగీ చక్రాల చట్రం మెత్తబడి పక్కకు ఒరిగిపోయింది. ఐదు ఆంపియర్లను 14 వోల్టులతో గుణిస్తే 70 వాట్లు, అంటే చిన్న సాల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ వేడి ఒక్క చోట. మీ బల్లకు రెండు, మహా అయితే మూడు ఆంపియర్లే క్షేమం.

ఇప్పుడు ఒక్కొక్క వ్యవస్థ గురించి, నా అభిప్రాయంతో సహా చెబుతాను. హైదరాబాదులో పద్నాలుగేళ్లుగా చిన్న లేఅవుట్లే కడుతున్నాను, మూడు గదులు నిండే లేఅవుట్ల అనుభవం నాకు లేదు. ఈ మాటలను ఆ మేరకే తీసుకోండి.

పవర్ క్యాబ్‌లో ప్రత్యేకంగా పెట్టె అంటూ లేదు, చేతిలో ఉన్న థ్రాటిలే కమాండ్ స్టేషన్. సుమారు రెండు ఆంపియర్లు ఇస్తుంది. బొటనవేలితో తిప్పే చక్రం, ఆదేశాలు అక్షరాల్లో కనిపించే చిన్న తెర ఉంటాయి. డీకోడర్ అమరికలు చదవడం, రాయడం పుస్తకం తెరవకుండానే చాలావరకు సాధ్యపడుతుంది. దాని లోపం కూడా అదే నిర్మాణం నుంచి వచ్చింది: ఆ థ్రాటిల్ తీగ ఊడదీస్తే రైళ్లన్నీ ఆగిపోతాయి. గది చుట్టూ తిరుగుతూ నడిపేవారికి ఇది చికాకు. మీరు ఆరడుగుల బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు కాబట్టి మీకు అడ్డు రాదు. లేఅవుట్ పెరిగితే పట్టాలకు ఎక్కువ కరెంటు ఇచ్చే అదే సంస్థ ఐదు ఆంపియర్ల బూస్టరు కలుపుకోవచ్చు, థ్రాటిళ్లు వృథా కావు.

డిజిట్రాక్స్ జెఫిర్ ఎక్స్‌ప్రెస్ మూడు ఆంపియర్ల బల్లమీది పరికరం. దాని మీది బ్రేకు లీవరు నిజమైన ఇంజను క్యాబ్‌ను గుర్తు చేస్తుంది, కంప్యూటరుకు తగిలించే యూఎస్‌బీ అందులోనే ఉంది. మంచి పరికరమే, కానీ మీ అమ్మాయికి విడిగా థ్రాటిల్ కొనాల్సి రావచ్చు. పైగా ఆ సంస్థ మీటల భాష ఒంటబట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది, పదేళ్ల పిల్లకు అంత ఓపిక ఉంటుందని అనుకోను.

రోకో వారి మల్టీమౌస్ పిల్లల చేతికి నేను చూసినవాటిలో ఉత్తమమైనది. నాబ్ నడుమ సున్నా ఉంటుంది, కుడికి తిప్పితే ముందుకు, ఎడమకు తిప్పితే వెనక్కు. చెప్పవలసిన పని కూడా లేదు. ఆ సంస్థదే తెల్ల పెట్టె జెడ్21 స్టార్ట్ అని ఉంది. దాన్ని ఫోన్‌తో నడపాలంటే రౌటరుతో పాటు అన్‌లాక్ కోడ్ విడిగా కొనాలని కొనేముందే గుర్తుంచుకోండి. ఐరోపా నుంచి ఎవరైనా వస్తుంటే మీకు దీన్నే సూచించేవాణ్ని. డల్లాస్ దుకాణాల్లో ఇది దొరకడం కంటే ఎన్‌సీఈ దొరకడం చాలా తేలిక.

మెర్క్లిన్ వ్యవస్థలను మీకు సూచించను. వారి హెచ్‌ఓ పట్టాల నడుమ మూడో వాహకం ఉంటుంది, మీ పట్టాల పద్ధతి వేరు. దీన్ని ఇంతటితో వదిలేద్దాం.

అన్నిటికంటే చవకైనది, ఒక విధంగా అన్నిటికంటే శక్తిమంతమైనది డీసీసీ-ఈఎక్స్. ఇది ఒక సంస్థ అమ్మే పెట్టె కాదు, ఔత్సాహికులు ఉచితంగా పంచుతున్న ప్రోగ్రాము. ఆర్డుయినో మెగా బోర్డు, దాని మీద గుచ్చి పట్టాలకు కరెంటు ఇచ్చే మోటర్ షీల్డు, వైఫై కోసం మరో చిన్న బోర్డు ఉంటే కమాండ్ స్టేషన్ తయారవుతుంది. ఈ మూడూ హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, డల్లాస్ దాకా పోనక్కరలేదు. షీల్డు మీది ఒక ఛానెల్ మెయిన్ పట్టాలకు, రెండోది ప్రోగ్రామింగ్ పట్టాకు (డీకోడర్ అమరికలు మార్చే విడి పట్టా ముక్క). షీల్డు మీది చిప్పు రెండు ఆంపియర్లు ఇస్తుందని చెప్పినా, నేను ఒకటిన్నర దాటనివ్వను. ఆ చిప్పులోనే సుమారు రెండు వోల్టులు పోతాయి కాబట్టి 14 వోల్టుల అడాప్టరు పెడితే పట్టాల మీదికి 12 వస్తాయి. హెచ్‌ఓకు అది చాలు, వేగం కాస్త తగ్గుతుంది, అంతే.

ఇక్కడ నా తప్పిదం ఒకటి ఒప్పుకోవాలి. షీల్డు మీద "విన్ కనెక్ట్" అనే సన్నటి రాగి గీత ఉంటుంది. దాన్ని కోయకపోతే పట్టాల కోసం పెట్టిన వోల్టేజి కింది ఆర్డుయినోకు కూడా వెళుతుంది. ఆ సూచన చదివాను, తర్వాత కోద్దామనుకున్నాను, 15 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరు తగిలించాను. మొదట రైలు నడిచింది. పావుగంట తర్వాత బోర్డు మీది రెగ్యులేటరు మాడిన వాసన వచ్చింది. ముందు ఆ గీత కోసి, కోసినట్టు మల్టీమీటరుతో నిర్ధారించుకుని, ఆర్డుయినోకు విడిగా కరెంటు ఇచ్చిన తర్వాతే పట్టాల అడాప్టరు తగిలించండి.

ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్‌లో ఇంజన్ డ్రైవర్, ఐఫోన్‌లో వైథ్రాటిల్ అనే యాప్‌లు డీసీసీ-ఈఎక్స్‌తో నేరుగానూ, మిగతావాటితో జేఎంఆర్‌ఐ అనే ఉచిత కంప్యూటరు ప్రోగ్రాము ద్వారానూ పనిచేస్తాయి. మొదటి నెల ఫోన్‌తోనే నడపండి, తప్పు లేదు. కానీ ఫోన్ ఒక్కటే చాలునని నేను చెప్పను. గాజు తెర మీద వేలు ఎక్కడుందో చూడకుండా తెలియదు. రైలు సైడింగులో బఫరు దగ్గరికి వస్తున్నప్పుడు మీ కళ్లు రైలు మీద ఉండాలి, ఫోన్ మీద కాదు. మా మనవడు ఎనిమిదేళ్ల వయసులో ఫోన్‌తో ఇంజన్ను రెండుసార్లు బల్ల అంచు దాకా తెచ్చాడు. నాబ్ ఉన్న థ్రాటిల్ ఇచ్చిన రోజు నుంచి షంటింగ్ నాకంటే బాగా చేస్తున్నాడు. ఇద్దరు నడిపే చోట కనీసం ఒక్క నిజమైన నాబ్ ఉండాలి, అది చిన్నవాళ్ల చేతికివ్వాలి.

ఇంజన్ల దగ్గరికి వద్దాం, ఖర్చు నిజంగా పెరిగేది ఇక్కడే. అమెరికాలో సాదా డీకోడర్ సుమారు 20 నుంచి 40 డాలర్లుంటే, శబ్దం ఉన్నది 100 డాలర్ల పైమాటే. అన్ని ఇంజన్లకూ శబ్దం కావాలనుకుంటే డీకోడర్ల ఖర్చు కమాండ్ స్టేషన్ ఖర్చును దాటిపోతుంది. ఎనిమిది పిన్నుల సాకెట్ ఉన్న మీ ఆల్కోకు సాదా డీకోడర్ గుచ్చితే చాలు. దాన్ని మన రైల్వేల డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2 రంగుల్లోకి మారుస్తున్నానని రాశారు కాబట్టి, ఒక్క శబ్దపు డీకోడర్‌కే డబ్బుంటే దీనికే పెట్టండి. మన డబ్ల్యూడీఎం-2లో ఉన్నదీ ఆల్కో 251 ఇంజనే, 16 సిలిండర్లది, 2600 హార్స్‌పవరుది. అమెరికా ఆల్కోల కోసం రికార్డు చేసిన 251 శబ్దం కాజీపేట ప్లాట్‌ఫారం మీద విన్న శబ్దానికి చాలా దగ్గరగా ఉంటుంది. హారన్ మాత్రం వేరు. ఈఎస్‌యూ లోక్‌సౌండ్, సౌండ్‌ట్రాక్స్ సునామీ అనే శబ్దపు డీకోడర్లు రెండింటిలోనూ ఈ శబ్దం దొరుకుతుంది.

మీ నాన్నగారి ఇంజన్ను తొందరపడి డిజిటల్ చేయకండి. సాకెట్ లేని పాత ఇంజన్లలో మోటరు ఒక కొస తరచుగా ఇంజను చట్రానికే ఆని, చట్రం ద్వారా ఒక పట్టాకు కలిసి ఉంటుంది. డీసీలో అది చక్కగా పనిచేస్తుంది. డీకోడర్ పెట్టిన క్షణమే పట్టాల కరెంటు మోటరు వైపు నుంచి డీకోడర్‌లోకి దూరి దాన్ని కాల్చేస్తుంది. మోటరు రెండు బ్రష్‌లనూ చట్రం నుంచి వేరు చేసి, మల్టీమీటరుతో చూసినప్పుడు బ్రష్‌కూ చట్రానికీ, బ్రష్‌కూ చక్రాలకూ మధ్య సంబంధమే లేదని తేలాలి. రెండో పరీక్ష స్టాల్ కరెంటు, అంటే మోటరు తిరగకుండా ఆగినప్పుడు లాగే కరెంటు. 12 వోల్టుల డీసీ ఇచ్చి, వరుసలో ఆమ్మీటరు పెట్టి, మోటరును ఒకటి రెండు సెకన్లు వేలితో ఆపి పట్టండి. అంతకు మించి పట్టకండి. సాధారణ హెచ్‌ఓ డీకోడర్ ఒక ఆంపియరు నిలకడగా, రెండు ఆంపియర్లు క్షణకాలం భరిస్తుంది. పాత, పైకవచం లేని మోటర్లు ఈ హద్దు దాటడం మామూలే. దాటితే కొత్త మోటరు వేయించడమా, ఎక్కువ సామర్థ్యపు డీకోడర్ వెతకడమా అన్నది తర్వాత చూద్దాం. డీకోడర్ లేకుండానే అడ్రసు (ఆదేశంలోని ఇంజను నంబరు) సున్నాతో నడపవచ్చని ఎవరైనా చెబితే వినకండి. కొన్ని వ్యవస్థల్లో అది సాధ్యమే కానీ, నిలబడి ఉన్నప్పుడు కూడా మోటరు రొద పెడుతూ వేడెక్కుతూనే ఉంటుంది. నాన్నగారి జ్ఞాపకం మీద చేయవలసిన ప్రయోగం కాదది.

వైరింగుకు ఇళ్లలో వాడే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు రెండు రంగుల్లో తీసుకుని బల్ల కింద ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి. ప్రతి పట్టా ముక్కకూ జానెడు మించని సన్నటి వైర్లతో దాని నుంచి కరెంటు ఇవ్వండి. పట్టాలను కలిపే జాయినర్లను కరెంటు కోసం నమ్మకండి. మీ ఊరి ఉక్కపోతకు రెండేళ్లలో వాటి లోపల మసి పేరుకుంటుంది, డీసీసీలో అది రైలు నెమ్మదించడంగా కాకుండా అకస్మాత్తుగా ఆగిపోవడంగా, శబ్దం తెగి మళ్లీ మొదలవడంగా కనిపిస్తుంది. అంతా అయ్యాక రూపాయి బిళ్ల తీసుకుని ప్రతి రెండడుగులకూ ఒకచోట రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. పెట్టిన ప్రతిచోటా కమాండ్ స్టేషన్ తక్షణం ట్రిప్ కావాలి. కాకపోతే అక్కడ వైరు చాలడం లేదని అర్థం. నా మిత్రుడు ఈ పరీక్ష చేసి ఉంటే ఆ బోగీ దక్కేది.

బావగారికి చెప్పవలసిన చిన్న విషయం: అడాప్టరు మీద 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసి కొనమనండి. 120 వోల్టులని మాత్రమే ఉంటే దాన్ని అక్కడే వదిలేసి, వ్యవస్థ అడిగే వోల్టులు, ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు ఇక్కడే కొనుక్కోవడం మేలు.

వ్యవస్థ చేతికి వచ్చాక మొదటి రోజే రెండు అమరికలు మార్చండి. డీకోడర్లన్నీ అడ్రసు 3తో వస్తాయి, అలాగే వదిలేస్తే రెండు ఇంజన్లు కలిసి బయలుదేరతాయి. ఇంజను మీది నంబరే అడ్రసుగా పెట్టుకోవడం అందరూ చేసే పని, కానీ మన ఇంజన్ల నంబర్లు ఐదంకెలవి, చాలా వ్యవస్థలు 9999 దాటనివ్వవు. కాబట్టి చివరి నాలుగంకెలు పెట్టండి. రెండోది సీవీ 29 (డీకోడర్ అమరికలకు ఒక్కోదానికి ఒక సీవీ నంబరు ఉంటుంది). ఇందులో డీసీ మీద కూడా నడిచే అనుమతి మామూలుగా తెరిచే ఉంటుంది. షార్ట్ అయి తేరుకునే క్షణంలో డీకోడర్ పట్టాల మీది కరెంటును డీసీగా పొరబడి ఇంజన్ను పూర్తి వేగంతో పరుగెత్తించడం నేను మూడుసార్లు చూశాను. ఆ అనుమతి విలువ 4. సీవీ 29లో 6 ఉంటే 2గా, నాలుగంకెల అడ్రసు పెట్టాక 38 ఉంటే 34గా మార్చండి. పాత కంట్రోలరు మీద ఆ ఇంజను ఇక నడవదు, దానికి సిద్ధపడండి.

శబ్దం ఉన్న కొత్త ఇంజను ప్రోగ్రామింగ్ పట్టా మీద చదవబడకపోతే కంగారుపడకండి. ఆ పట్టాకు కరెంటు కావాలనే చాలా తక్కువగా ఇస్తారు, లోపలి కెపాసిటర్లు దాన్ని మింగేస్తాయి. మెయిన్ లైను మీదే ప్రోగ్రామింగ్ చేసే పద్ధతిలో రాయండి. చదవడం కుదరదు కానీ రాసింది ఎక్కుతుంది.

డిసెంబరుకు ఇంకా సమయం ఉంది. ఈ లోపు వైరింగు పూర్తి చేసి, మీ పాత డీసీ కంట్రోలరుతోనే పరీక్షించండి, వైర్లకు డీసీ అయినా డీసీసీ అయినా ఒకటే. నాన్నగారి ఇంజను స్టాల్ రీడింగు, మోటరు బ్రష్‌ల ఫోటో ఇక్కడ పెడితే, బావగారి జాబితాలో దానికి ఏ డీకోడర్ చేర్చాలో చెబుతాను.